సీసానికి మందు, పాషాణానికి దారి

మా నాన్న మొదటిసారి మా ఇంటికి వచ్చిన వసంతంలో, పెరట్లోని టమాటా నారు ఆకుల అడుగున ఊదారంగు తిరిగింది. ఆయన వంగి ఒక ఆకు తిప్పి చూసి, "భాస్వరం అందడం లేదమ్మా. మొక్క మొదట్లో గుప్పెడు డీఏపీ వేస్తే సర్దుకుంటుంది" అన్నారు. నలభై ఏళ్లు మహబూబ్‌నగర్ ఎర్ర చెలకల్లో వేరుశనగ, జొన్న పండించిన మనిషి. ఆకు చూసి నేల సంగతి చెప్పడంలో ఆయన మాట తప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా తప్పలేదు. చలికి బిగుసుకుపోయిన నేలలో లేత వేళ్లు భాస్వరాన్ని అందుకోలేవు. ఆకు ఊదారంగుకు తిరగడం దాని గుర్తే.

"వద్దు నాన్నా, ఈ నేలలో డీఏపీ వేయకూడదు" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. మట్టి రసాయనం చదువుకుని, మట్టి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్న కూతురు భాస్వరం వద్దంటుందేమిటని. "ఎందుకు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు పూర్తిగా చెప్పేసరికి మూడు వారాలు పట్టింది. అదే సమయంలో మా ఊరి శివార్లలోని ఒక తోట విషయంలో అదే జవాబు ఇంకొందరికీ చెప్పవలసి వచ్చింది. వాళ్లు నాన్నంత ఓపికగా వినలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేము ఉండేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున ఉన్న వెనాచీ లోయలో. సియాటిల్ నుంచి కొండలు దాటి తూర్పు వైపు దిగితే వాన దాదాపు ఆగిపోతుంది. ఏడాది మొత్తం మీద పడేది తొమ్మిది అంగుళాలకు అటూ ఇటూ. నది నీళ్లను కాలువల్లో పారించి నూరేళ్లకు పైగా ఇక్కడ ఆపిల్ పండిస్తున్నారు. మా ఇల్లు కట్టిన స్థలం కూడా ఒకప్పటి ఆపిల్ తోటే. కొన్న ఏడాదే మట్టి పరీక్ష చేయించాం. ఇళ్ల స్థలాలకు ఈ రాష్ట్రం పెట్టిన హద్దు కిలో మట్టికి సీసం 250 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 20 మిల్లీగ్రాములు. మా పెరట్లో సీసం ఆ హద్దును కాస్త దాటింది, ఆర్సెనిక్ హద్దుకు మూడింతలు ఉంది.

అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈ లోయలో అందరికీ తెలుసు. ఆపిల్ కాయను తొలిచే కాడ్లింగ్ పురుగు మీద చల్లిన లెడ్ ఆర్సెనేట్ నుంచి. ఈ మందును మొదట 1892లో మసాచుసెట్స్‌లో, చెట్ల ఆకులు తినేసే మరో పురుగు మీద వాడారు. అక్కడి నుంచి ఆపిల్ తోటలకు పాకింది. పురుగు మందుకు అలవాటు పడేకొద్దీ ఇంకా ఎక్కువగా, ఇంకా తరచుగా చల్లారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డీడీటీ వచ్చేదాకా ఇదే నడిచింది. చట్టప్రకారం పూర్తిగా నిషేధించింది మాత్రం 1988లో. 1920లలో అమెరికా ఆపిళ్ల మీద ఆర్సెనిక్ ఎక్కువగా ఉంటోందని బ్రిటన్‌లో పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత పళ్లను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి పంపడం మొదలుపెట్టారు. పళ్లను కడిగారు, చెట్టు కింద నేలను కడిగినవారు లేరు. సీసం గానీ ఆర్సెనిక్ గానీ మూలకాలు. ఎండకు విరిగిపోవు, సూక్ష్మజీవులు తినేసి మాయం చేయలేవు. 100 గ్రాముల లెడ్ ఆర్సెనేట్ నేల మీద పడితే దాదాపు 60 గ్రాముల సీసం, 22 గ్రాముల ఆర్సెనిక్ నేలకు చేరినట్టే. రాష్ట్ర పర్యావరణ శాఖ లెక్క ప్రకారం ఒక్క వాషింగ్టన్‌లోనే ఇలాంటి పాత తోటల భూమి 1,87,000 ఎకరాలకు పైగా ఉంది.

మన భాషలో పురుగుకు కొట్టేదీ మందే, చేనుకు వేసేదీ మందే, మనిషి మింగేదీ మందే. ఆ ఒక్క మాట వల్ల నాన్నకు విషయం చెప్పడం కష్టమైంది. ఒక మందు పాడుచేసిన నేలకు ఇంకో మందు వేస్తే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఆర్సెనిక్ అంటే మన పెద్దవాళ్లకు తెలిసిన పాషాణమే. తాళకం, మణిశిల దాని ఖనిజాలే. మూలకాల పట్టికలో భాస్వరానికి సరిగ్గా కింది గడిలో ఉంటుంది. గాలి ఆడే నేలలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనేట్ రూపంలో ఉంటుంది. డీఏపీలాంటి ఎరువుల్లో భాస్వరం ఉండేది ఫాస్ఫేట్ రూపంలో. ఫాస్ఫేట్‌లో నడుమ భాస్వరం, చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. ఆర్సెనేట్‌లో నడుమ ఆర్సెనిక్, చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. ఆకారం ఒకటే, విద్యుదావేశం ఒకటే, ఏ ఆమ్లత దగ్గర ఎన్ని హైడ్రోజన్లను వదులుకుంటుందన్నది కూడా దాదాపు ఒకటే. కవలలంటే కవలలే. ఒకటి ప్రాణానికి ఆధారం, రెండోది ప్రాణం తీసేది.

మట్టి ఈ రెండింటినీ ఒకే చోట పట్టుకుంటుంది. మట్టి రేణువుల మీద కంటికి కనిపించని మందంలో ఇనుప తుప్పు పొర ఉంటుంది. అల్యూమినియం ఆక్సైడ్లు కూడా ఉంటాయి. వాటి ఉపరితలానికి ఆర్సెనేట్ గట్టిగా, రసాయన బంధంతో అతుక్కుంటుంది. అందుకే డెబ్బై, ఎనభై ఏళ్ల కింద చల్లిన విషం ఇప్పటికీ చాలావరకు పై పొరల్లోనే ఉంది. ఇన్ని వానలకూ, ఇంత తడికీ కొట్టుకుపోలేదు.

నాన్నకు ఇది చెప్పడానికి కొత్త పాఠం అక్కర్లేకపోయింది. ఎర్ర నేల రైతులందరూ చెప్పే మాటే అది. డీఏపీ వేస్తే పంటకు అందేది కొంతే, మిగతాది నేల పట్టేసుకుంటుంది. 50 కిలోల బస్తాలో దాదాపు 10 కిలోల భాస్వరం ఉంటే, ఆ ఏడాది పైరు తీసుకునేది అందులో చిన్న భాగం. "ఆ పట్టేసుకునేది ఎర్ర మట్టిలోని తుప్పే నాన్నా. ఇక్కడ ఆ తుప్పును ముందే పాషాణం ఆక్రమించుకుని ఉంది" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "అయితే మనం డీఏపీ వేస్తే అది దాన్ని లేపి కూర్చుంటుందా?" అని అడిగారు.

అదే జరుగుతుంది. జాతర రోజు బస్సులో సీట్లన్నీ నిండి ఉన్నాయనుకోండి. ఒకరిద్దరు ఎక్కితే నిలబడతారు. వంద మంది ఒక్కసారి తోసుకొస్తే కూర్చున్నవారిలో కొందరు లేవక తప్పదు. ఫాస్ఫేట్ ఆ గుంపు. తుప్పు మీద సీట్ల సంఖ్య మారదు, కూర్చునేవారు మారతారు. లేచిన ఆర్సెనేట్ మట్టిలోని నీటిలోకి వస్తుంది. అక్కడి నుంచి దానికి రెండు దారులున్నాయి. తడితో పాటు కిందికి దిగడం ఒకటి, వేరులోకి వెళ్లడం రెండోది.

ఇది నా ఊహ అనుకోవద్దు. దీన్ని కొలిచి చూపించింది ఈ లోయలోనే. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి వెనాచీలో పండ్ల తోటల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన మృత్తికా శాస్త్రవేత్త ఫ్రాంక్ పెరియా, ఆయన సహచరులు 1991 నుంచి వరసగా పత్రాలు ప్రచురించారు. లెడ్ ఆర్సెనేట్ పడిన తోటల మట్టికి ఫాస్ఫేట్ ఎరువులు కలిపి నీళ్లు పోస్తే, ఫాస్ఫేట్ పెరిగేకొద్దీ ఆర్సెనిక్ బయటికి వచ్చింది. సీసం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. 1997లో వచ్చిన పత్రం ఇంకో మెట్టు దిగింది. పై మట్టి నుంచి విడుదలైన ఆర్సెనిక్, కింద ఉన్న శుభ్రమైన మట్టి పొరను కూడా దాటి పోగలదని అందులో తేలింది. కింది మట్టి దాన్ని మళ్లీ పట్టుకుంటుందిలే అని ధీమాగా ఉండేవారికి అది జవాబు. పట్టుకోవలసిన సీట్లను వెంట వచ్చిన ఫాస్ఫేటే నింపేస్తుంటే ఆర్సెనిక్‌కు ఇంకెక్కడ చోటు?

1998లో ఆయన ఆపిల్ మొక్కల మీద చేసిన పరిశీలన నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పాత తోట కొట్టేసి కొత్త మొక్కలు నాటేటప్పుడు గుంటలో మోనో అమోనియం ఫాస్ఫేట్ వేయడం ఇక్కడి రైతుల అలవాటు. అలా వేసిన మొక్కలు ఆర్సెనిక్‌ను మామూలుకంటే ఎక్కువగా తీసుకున్నాయి. అయితే ఆ పెరుగుదల తాత్కాలికమే. ఇందులో భయపెట్టేదీ ఉంది, ఊరటనిచ్చేదీ ఉంది. రెండూ చెప్పడం న్యాయం. ఫాస్ఫేట్ వేసినంత మాత్రాన లోయ అంతా విషమయం కాదు. కానీ ఫాస్ఫేట్ ఆ తాళం తీస్తుందన్నది మాత్రం నిజం.

ఇక రెండో కథ, సీసం కథ.

సీసంతో ఫాస్ఫేట్ నడవడి పూర్తిగా వేరు. రెండూ క్లోరైడుతో కలిసి పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా గడ్డకడతాయి. అది నీటిలో కరగడం దాదాపు అసాధ్యం. పిల్లవాడు మట్టి చేతులు నోట్లో పెట్టుకున్నా, ఆ రూపంలోని సీసం రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే సీసం పేరుకున్న నేలలకు ఫాస్ఫేట్ వేయడం ఒక మంచి వైద్యంగా స్థిరపడింది. మిస్సోరీలోని జాప్లిన్ ప్రాంతంలో, పాత సీసపు గనుల, కొలుముల నేలల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి ఏళ్లపాటు పరీక్షించారు. 2011లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో, సౌత్ ప్రెస్కాట్ అనే పేటలో ఇళ్ల పెరళ్లలో చేప ఎముకల పొడి కలిపారు. ఎముక అంటే కాల్షియం ఫాస్ఫేటే కదా. మట్టిని తవ్వి లారీల్లో ఎత్తి ఎక్కడో పారబోయకుండా, ఉన్నచోటే విషాన్ని కట్టిపడేసే పద్ధతి అది. పేద పేటలకు అది ఎంత మేలో నాకు తెలుసు. సీసం పిల్లల మెదడుకు చేసే హాని ముందు మరే ఖర్చయినా చిన్నదే. ఆ పని చేసినవారి మీద నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు.

నా అభ్యంతరం ఒక్కచోటే. సీసానికి పనిచేసిన మందును, సీసంతో పాటు ఆర్సెనిక్ కూడా ఉన్న నేలలో, ఆర్సెనిక్ కదలికను కొలవకుండా వేయడం మీద. లెడ్ ఆర్సెనేట్ పడిన నేలలో ఈ రెండూ విడివిడిగా రావు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే.

పరిమాణాలు కూడా చూడండి. జాప్లిన్‌లో పరీక్షించిన మోతాదుల్లో ఒకటి మట్టి బరువులో ఒక శాతం భాస్వరం. అంటే కిలో మట్టికి 10,000 మిల్లీగ్రాములు. మా పెరట్లోలా కిలోకి 60 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్న మట్టిలో అంత మోతాదు వేస్తే, ఒక్కో ఆర్సెనిక్ పరమాణువుకు దాదాపు 400 భాస్వరం పరమాణువులు వచ్చి పడతాయి. అందులో కొంత సీసంతో గడ్డకట్టి తప్పుకుంటుంది. అయినా మిగిలేది తుప్పు మీద విరుచుకుపడడానికి చాలు.

ఇప్పుడు తోట సంగతి. మా ఊరి శివార్లలో పాత ఆపిల్ తోట ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని మళ్లుగా విభజించి కుటుంబాలకు కూరగాయలు పండించుకోవడానికి ఇవ్వాలని ఒక కమిటీ ఏర్పడింది. పేర్లు ఇచ్చినవారిలో మెక్సికో నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, మేమూ మరో రెండు తెలుగు కుటుంబాలూ ఉన్నాం. గోంగూర, బెండ, పచ్చిమిర్చి పెడదామని మా ఆశ. మట్టి బాగుచేత ఎలా అన్నదాని మీద ఒక సలహా సంస్థ నివేదిక ఇచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. సీసానికి ట్రిపుల్ సూపర్ ఫాస్ఫేట్, దాని మీద కంపోస్టు, ఆపైన మళ్లు. ఇదీ వాళ్ల సిఫారసు. ఒక మూల చిన్న మడిలో చేసి చూపించారు కూడా. పట్టికలో చికిత్సకు ముందు, తర్వాత అని రెండు నిలువు వరుసలు. శరీరానికి అందే సీసం బాగా తగ్గింది. ఆర్సెనిక్ ఎదురుగా "మార్పు లేదు" అని రాశారు.

ఆ "మార్పు లేదు" చూసి కమిటీలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే వాళ్లు కొలిచింది మట్టిలోని మొత్తం ఆర్సెనిక్‌ను. గాఢ ఆమ్లంలో మట్టిని ఉడికించి, అందులో ఉన్నదంతా లెక్కపెట్టే పరీక్ష అది. ఫాస్ఫేట్ వేసిన కొద్ది రోజులకే ఆ పరీక్ష చేస్తే మార్పు కనిపించే అవకాశమే లేదు. ఆర్సెనిక్ ఇంకా ఆ మట్టిలోనే ఉంది. తుప్పు మీద గట్టిగా కూర్చున్నది మట్టి నీటిలో తేలుతున్నదైంది, అంతే. లెక్కకు రెండూ ఒకటే. సీసానికేమో మొత్తం వదిలేసి శరీరానికి అందే భాగాన్ని కొలిచారు, ఆర్సెనిక్‌కు మొత్తాన్ని మాత్రమే కొలిచారు. ఒకే పట్టికలో రెండు విషాలకు రెండు రకాల కొలతలు వాడి, రెండూ బాగున్నాయని చెప్పడం నాకు మింగుడుపడలేదు.

సమావేశంలో ఇదే చెప్పాను. వచ్చిన జవాబు: "మాకు అప్పగించిన పని సీసం."

నా ఉద్యోగం వల్ల నాకు ఇంకో సంగతి బాగా తెలుసు. ఆర్సెనిక్ మట్టిలో ఎంత గట్టిగా పట్టుకుని ఉందో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో ఒక క్రమం పాటిస్తాం. ఆస్ట్రియా శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అయిదు అంచెల పద్ధతి చాలాచోట్ల వాడుకలో ఉంది. మొదటి అంచెలో అమోనియం సల్ఫేట్ ద్రావణంతో వదులుగా ఉన్నదాన్ని తీస్తారు. రెండో అంచెలో తుప్పు మీద గట్టిగా అతుక్కున్న ఆర్సెనేట్‌ను లేపడానికి అమోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ ద్రావణం పోస్తారు. ఆర్సెనేట్‌ను సీటు నుంచి లేపగలిగేది ఫాస్ఫేటే కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. ఆ రసాయనానికి ఎరువుల కొట్టులో ఉన్న పేరు మోనో అమోనియం ఫాస్ఫేట్. ప్రయోగశాలలో ఆర్సెనిక్‌ను బయటికి లాగడానికి వాడే పదార్థాన్నే, ఆర్సెనిక్ ఉన్న నేల మీద కుమ్మరించి "మార్పు లేదు" అని రాయడం ఎలా కుదురుతుంది?

ఒక ఆదివారం నాన్న కోసం ఇంటి వెనక వసారాలో చిన్న ప్రయోగం చేశాను. పెరటి మట్టిని జల్లించి రెండు గాజు సీసాల్లో సమానంగా వేశాను. ఒకదానిలో మామూలు నీళ్లు, రెండోదానిలో డీఏపీ కరిగించిన నీళ్లు. రోజంతా అప్పుడప్పుడూ కుదుపుతూ ఉంచి, తేరుకున్నాక వడగట్టాను. తాగునీటిలో ఆర్సెనిక్ చూసుకోవడానికి ఇక్కడ దొరికే పరీక్ష పెట్టెలో ఒక కాగితపు పట్టీ ఉంటుంది. ఆర్సెనిక్ ఎక్కువయ్యేకొద్దీ అది పసుపు నుంచి గోధుమరంగుకు మారుతుంది. ఆ పరీక్షలో ఆర్సెనిక్ విషవాయువుగా బయటికి వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి. మామూలు నీళ్ల పట్టీ మీద లేత పసుపు మరక వచ్చింది. డీఏపీ నీళ్ల పట్టీ ముదురు గోధుమరంగుకు తిరిగింది. డీఏపీ నీటిని కాస్త క్షారం వైపు కూడా నెడుతుంది, ఆర్సెనేట్ పట్టు సడలడానికి అదీ తోడ్పడి ఉంటుందని నాన్నకు చెప్పాను. ఆయన పట్టీలు రెండూ ఎండలో పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంత తేలిగ్గా వస్తోందంటే, దీన్ని బయటికి తీసేయడానికే డీఏపీ వాడుకోవచ్చు కదమ్మా?" అన్నారు.

ఆయన అడిగింది ఈ రంగంలోని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేసిన ప్రశ్న. వాడుకోవచ్చు. జపాన్ పరిశోధకులు 2000ల తొలి ఏళ్లలో ఫాస్ఫేట్ ద్రావణాలతో, ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఆర్సెనిక్ మట్టిని కడిగి చూశారు. బాగా వదిలింది. కానీ అలా కడిగేది మట్టిని తొట్టిలోకి ఎత్తి. కడిగిన నీటిని పట్టుకుని, అందులోని ఆర్సెనిక్‌ను వేరుచేయగలిగిన చోట. పెరట్లో అదే పని చేస్తే ఆ నీళ్లు ఎటు పోతాయో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇంకో దారి మొక్కలది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లీనా మా బృందం, కలప నిల్వ రసాయనాలతో పాడైన ఒక స్థలంలో పెరుగుతున్న ఫెర్న్ మొక్కను పరిశీలించి 2001లో నేచర్ పత్రికలో ప్రచురించింది. టెరిస్ విట్టాటా దాని పేరు. ఆర్సెనిక్‌ను తినే మొక్క అనవచ్చు. మట్టికి ఆర్సెనిక్ కలిపి పెంచితే ఎండు ఆకు కిలోకి 22 గ్రాముల దాకా పోగుచేసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రసాయన ఆయుధాలను పరీక్షించి పాతిపెట్టిన వాషింగ్టన్ డీసీలోని స్ప్రింగ్ వ్యాలీలో కూడా దీన్ని నాటి చూశారు. తర్వాత అదే ఫ్లోరిడా బృందం ఆర్సెనిక్ ఉన్న మట్టికి ఫాస్ఫేట్ కలిపితే ఆర్సెనిక్ ఎక్కువ కరిగి, మొక్క ఇంకా ఎక్కువగా లాగుతుందని చూపించింది. అంటే తెలిసి వాడితే ఫాస్ఫేట్ ఇక్కడ మంచి పనిముట్టు. విడుదలైనదాన్ని పట్టుకోవడానికి ఎదురుగా ఒకరు నిలబడి ఉండాలి. మా లోయ చలికి ఆ ఫెర్న్ బతకదు, లేకపోతే ఈపాటికి పెరటి నిండా నాటి ఉండేదాన్ని.

వేరు దగ్గర జరిగేది ఇంకా చిక్కు. మొక్క వేరుకు ఆర్సెనేట్‌ను, ఫాస్ఫేట్‌ను వేరుగా గుర్తించడం కష్టం. ఫాస్ఫేట్ కోసం తెరిచిన తలుపులోంచే ఆర్సెనేట్ కూడా లోపలికి వస్తుంది. అందువల్ల మట్టి లేకుండా నీటిలోనే పెంచిన మొక్కకు ఫాస్ఫేట్ పెంచితే, తలుపు దగ్గర రద్దీ పెరిగి ఆర్సెనిక్ తక్కువగా వెళ్తుంది. మట్టిలో పెంచితే ఫాస్ఫేట్ తుప్పు మీది ఆర్సెనిక్‌ను లేపి తలుపు దాకా తీసుకొస్తుంది. ఏది గెలుస్తుందన్నది ఆ మట్టిలో ఎంత తుప్పు ఉంది, ఇసుక ఎంత, వేసిన ఫాస్ఫేట్ ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకచోట చేసిన పరీక్షను ఇంకోచోటికి మోసుకెళ్లి అతికించకూడదని నేను మొండిగా వాదించేది ఇందుకే.

బెంగాల్ సంగతి చెప్పకపోతే ఈ మాట అసంపూర్ణం. కోల్‌కతా చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా 1983లో ఆర్సెనిక్ రోగులను గుర్తించినప్పటి నుంచి అక్కడి గొట్టపు బావుల విషాదం అందరికీ తెలిసిందే. ఎరువుల ఫాస్ఫేట్ వల్లే అక్కడ ఆర్సెనిక్ నీటిలోకి వస్తోందని 1990ల చివర ఒక వాదన వచ్చింది. అది నిలబడలేదు. భూమి లోపల గాలి అందని పొరల్లో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తింటూ ఇనుప తుప్పునే కరిగించేస్తాయి. సీట్లతో సహా బస్సే కరిగిపోతే అందులోని ఆర్సెనిక్ అంతా నీటిలోకి వస్తుంది. ప్రధాన కారణం అదేనని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారు. నా వాదనకు అనుకూలంగా ఉంది కదా అని ఆ పాత మాటను వాడుకోను. అయితే అక్కడా ఫాస్ఫేట్ ఒక పాత్ర పోషిస్తుంది. ఆ భూగర్భజలంలో సహజంగానే ఫాస్ఫేట్ ఎక్కువ. ఇనుముతో ఆర్సెనిక్‌ను పట్టే ఇంటి ఫిల్టర్లలో ఆ ఫాస్ఫేట్ ముందుగా చోటు ఆక్రమించుకుని, ఫిల్టరు పనితనాన్ని తగ్గిస్తుంది.

మన దగ్గరా ఇది ఆలోచించవలసిన విషయమే. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిలో ఆర్సెనిక్ సహా పలు లోహాలు మోతాదు మించి ఉన్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. ఆ చుట్టుపక్కల పొలాలున్నాయి, పొలాలకు డీఏపీ బస్తాలు వస్తాయి. వరి మడి అయితే నీళ్లు నిలిచి, గాలి అందక, తుప్పు కరిగి, ఆర్సెనేట్ కాస్తా ఆర్సెనైట్‌గా మారుతుంది. అది సిలికా కోసం వరి తెరిచే దారిలో లోపలికి వెళ్తుంది. అక్కడ నేలను ఎప్పుడైనా బాగుచేయబూనితే, ఏ ఒక్క లోహం కోసమో వేసే మందు మిగిలినవాటిని ఏం చేస్తుందో ముందే చూడాలి. మా నాన్నలాంటి రైతు డీఏపీ వేయడం తప్పు కాదు. ఆ నేలలో ఏముందో అతనికి చెప్పకపోవడం తప్పు.

మా తోట కమిటీలో ఒకరు నన్ను సూటిగా అడిగారు. "ఇక్కడ వానే లేదు, ఆర్సెనిక్ కిందికి దిగి ఎంత దూరం పోతుంది? ఈ భయానికి పిల్లలను సీసానికి వదిలేయమంటారా?" ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. వాన లేదు కానీ కూరగాయల మళ్లకు వేసవి అంతా నీళ్లు పెడతాం. పైగా నా భయం భూగర్భజలం గురించే కాదు, ఆ మళ్లలో పెరిగే ముల్లంగి, కొత్తిమీర గురించి కూడా. సీసానికి వదిలేయమని నేను ఎన్నడూ అనలేదు. ఫాస్ఫేట్‌తో పాటు ఇనుము కూడా ఇస్తే, అంటే ఫెర్రస్ సల్ఫేట్ వంటిది, కొత్త తుప్పు ఏర్పడి లేచిన ఆర్సెనిక్‌కు మళ్లీ చోటు దొరుకుతుంది. అది నేలను ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి సున్నం వేయాలి. సున్నం మరీ ఎక్కువైతే ఆర్సెనేట్ పట్టు మళ్లీ సడలుతుంది. నీళ్లు నిలిచే చోట ఆ తుప్పూ నిలవదు. కంపోస్టు కూడా అమాయకమైనది కాదు. అందులో ఫాస్ఫేట్ ఉంది, కరిగే సేంద్రియ పదార్థం ఉంది, రెండూ ఆర్సెనిక్‌ను కదిలిస్తాయి. ప్రతి అడుగులోనూ కొలవాలి. కొలవడానికి అయ్యే ఖర్చు ఒక లారీ కంపోస్టు ఖర్చుకంటే ఎక్కువేమీ కాదని లెక్కవేసి కమిటీకి ఇచ్చాను.

నేను అడిగింది మూడు సంఖ్యలు. చికిత్సకు ముందు, తర్వాత నీటిలో కరిగే ఆర్సెనిక్ ఎంత? ఒక వేసవి నీళ్లు పెట్టాక రెండడుగుల లోతులో ఎంత? ఆ మడిలో పండిన ఆకుకూరలో ఎంత? అవి వచ్చేదాకా నేల మీద గుడ్డ పరచి, బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టితో ఎత్తుమళ్లు కట్టుకుని పండించుకుందామన్నాను. మా పెరట్లో చేసింది అదే. పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య మందపాటి గుడ్డ, పైన అడుగున్నర ఎత్తు పెట్టె. పెట్టెలోని మట్టిలో, నాన్న మాట తీసేయలేక, చెంచాడు డీఏపీ వేశాను. ఎక్కువైతే అది కూడా గుడ్డ దాటి కిందికి దిగుతుంది కాబట్టి చెంచాడే. నేల వేడెక్కాక టమాటా ఆకుల ఊదారంగు పోయింది. అది డీఏపీ వల్లే అని నాన్న, ఎండ వల్ల అని నేను.

సలహా సంస్థ నుంచి ఇంకా జవాబు రాలేదు. కమిటీ మళ్లీ కూర్చునేది వచ్చే గురువారం సాయంత్రం. నాన్న తిరుగు ప్రయాణం ఆ తర్వాతి వారం. సమావేశానికి తనూ వస్తానన్నారు. లేత పసుపు, ముదురు గోధుమరంగు పట్టీలు రెండూ ఒక కవరులో పెట్టి, ఏది ఏ సీసాదో కవరు మీద తెలుగులో రాసి ఇచ్చారు. కింద ఇంగ్లీషులో రాయడం నా వంతు.